అటు తిరిగి పట్టిన దొంగ

మేడ్చల్‌లో మా చర్చి గోడ మీద ఆదివారాలు పాటల అక్షరాలు పడేది నా చేతి మీదుగానే. వారమంతా బడిలో లెక్కలు చెబుతాను, ఆదివారం ప్రొజెక్టర్ పక్కన కుర్చీలో కూర్చుంటాను. ఆ కుర్చీ ఎవరడిగినా ఇవ్వను. మొదటి వరసలో మా అత్తమ్మ ఉంటుంది మరి. పాటల పుస్తకంలో చిన్న అక్షరాలు ఆమె కళ్లకు ఆనవు. గోడ మీద తెర వచ్చాకే, పల్లవి దగ్గర ఆగిపోకుండా చరణాలన్నీ గొంతెత్తి పాడటం మొదలుపెట్టింది.

అలాంటిది మొన్న వానాకాలంలో చర్చి ల్యాప్‌టాప్ మొండికేసింది. మొదటి చరణం పడేది, రెండోది రాదు. జనమంతా పాడబోయి ఆగి గోడకేసి చూస్తూ నిలబడేవారు. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాన్ మాత్రం పిండిగిర్నీలా మోగేది. కొన్ని వారాలు ఓర్చుకున్న పాస్టరుగారు, వచ్చే ఆదివారం కూడా ఇలాగే అయితే తెర తీసేసి మళ్లీ పుస్తకాలే పంచుదామన్నారు. ఇంటికొచ్చాక అత్తమ్మ పాత పాటల పుస్తకం తీసి, కళ్లకు ఆనించి చూసి, మూసి పక్కన పెట్టేసింది. అదే నన్ను గుచ్చింది.

బస్ డిపో దగ్గర రిపేరు షాపులో చూపిస్తే, మొత్తం చెరిపేసి ఫార్మాట్ కొట్టాలన్నాడు. వద్దు నాయనా అన్నాను. ఎండాకాలంలో ఒకసారి ఆ ముచ్చట తీరింది. మా పాటలన్నీ పాత రకం తెలుగు ఫాంటులో కొట్టినవి. ఫార్మాట్‌తో ఫాంటు పోయి, స్తుతి గీతాలన్నీ కామాలు, డాలరు గుర్తులు అయి కూర్చున్నాయి. పాటల బృందంలో ఒకాయన ఇంటర్నెట్‌లో ఎక్కడో ఆ ఫాంటు ఉచితంగా దొరికిందని తెచ్చి ఎక్కిస్తే గానీ మళ్లీ తెలుగు కనపడలేదు. ఇంకోసారి ఆ అవస్థ నావల్ల కాదని ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చేశాను.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల మీద పెట్టి, ఏ ప్రోగ్రాం ఎంత పని చేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచాను. ప్రాసెసర్ నూటికి నూరు అని కనపడి రెప్పపాటులో పడిపోయింది. ఫ్యాన్ కూడా నోరు మూసుకుంది. టాస్క్ మేనేజర్ మూసేశాను, కాసేపటికి మళ్లీ గిర్నీ. తెరిచాను, నిశ్శబ్దం.

నాకు నవ్వొచ్చింది. ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని, నా దగ్గరా ఈ ఆటలు! నేను చూస్తున్నంతసేపూ క్లాసులో అందరూ బుద్ధిమంతులే. బోర్డు వైపు తిరిగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. ఏ బెంచీలోంచి సడి వస్తోందో తిరగకుండానే చెప్పగలను.

ఆ పద్ధతే ఇక్కడా పెట్టాను. మిషన్ ఆన్ కాగానే వాటంతటవే లేచే ప్రోగ్రాముల్లో ఒకదాన్ని ఆపడం, మిషన్ మళ్లీ స్టార్ట్ చేయడం, అన్నీ మూసేసి కుర్చీ అటు తిప్పుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ వినడం. ఫ్యాన్ మోగితే అది నిర్దోషి, తర్వాతిదాన్ని పట్టుకోవాలి. అత్తమ్మ వచ్చి చూసింది.

"ఏంది, గట్ల వీపు తిప్పి కూసున్నవ్?"

"సూస్తే దాక్కుంటాంది అత్తమ్మా. అందుకే వింటున్న."

ఆమె ఎదురుగా కూర్చుని తనూ ఒలవడం మొదలుపెట్టింది, గాజులు చప్పుడు కాకుండా. చిక్కుడుకాయలు అయిపోవస్తుండగా తలెత్తింది.

"ఇగ మోగుతలేదు," అంది.

నిజమే. అప్పుడు ఆపింది ఆ ఉచిత ఫాంటుతో పాటు వచ్చి తిష్ఠ వేసిన ప్రోగ్రామును. పేరు ఇంటర్నెట్‌లో వెతికితే, మన మిషన్‌తో రాత్రింబగళ్లు లెక్కలు చేయించి ఎవరికో బిట్‌కాయిన్ లాంటి కంప్యూటర్ నాణేలు సంపాదించి పెట్టే రకమట. టాస్క్ మేనేజర్ తెరిస్తే పని ఆపి పడుకుంటుంది. దాన్ని పీకేసి, యాంటీవైరస్‌తో మూలమూలా వెతికించాను. ఫాంటు చెక్కుచెదరలేదు. దాచుకోవడం ఎందుకు, ఆ సాయంత్రం మేడ్చల్ మండలం మొత్తంలో నా అంతటిది లేదనుకున్నాను.

మర్నాడు పాటలన్నీ ఆఖరి చరణం దాకా పడ్డాయి. మొదటి వరసలోంచి ఒక గొంతు అందరికన్నా ముందే అందుకుంటోంది. పాస్టరుగారు తెర ఊసెత్తలేదు.

ఆరాధన అయ్యాక శామీర్‌పేట నుంచి వచ్చే ఒకావిడ అత్తమ్మను అడుగుతోంది, ఏ షాపుల బాగుచేయించిన్రని.

"షాపు లేదు, ఏం లేదు. మా కోడలే పట్టింది. దాని చెవుల సంగతి నీకెరుక లేదు," అంటోంది అత్తమ్మ. ఆగకుండా చిక్కుడుకాయల దగ్గర్నుంచీ మొదలుపెట్టింది.

నేను అటు తిరిగి వైర్లు చుడుతున్నాను. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నన్ను మెచ్చుకోవడం నా చెవిన పడటం అదే మొదలు. తిరిగి చూస్తే ఆపేస్తుందని, చుట్టిన వైరే విప్పి మళ్లీ చుట్టాను.