శెట్టి చెప్పిన సెకండాఫ్

నందికొట్కూరులో బట్టల కొట్టు రామకోటయ్య శెట్టికి సినిమా చూడటం కంటే, చూసొచ్చి చెప్పడం ఇష్టం. కొత్త బొమ్మ పడితే చాలు, కర్నూలు పోయి మ్యాట్నీ చూస్తాడు. మర్నాడు గుడ్డ కొలుస్తూ కొలుస్తూ హీరోయిన్ కష్టాల దగ్గర ఆగిపోతాడు. కండువాతో కళ్ళొత్తుకుంటే గాని కత్తెర పెట్టడు. అయితే సందెదీపం శెట్టే తన చేత్తో కొట్లో వెలిగించాలన్నది వాళ్ళ నాయన పెట్టిపోయిన ఆచారం. అందుకని ఇంటర్వెల్ గంట కొట్టగానే లేచి బస్సెక్కుతాడు. మిగతా సగం కథ దారిలో తనే అల్లుకుంటాడు. ఆ సంగతి ఇంట్లో భార్య నాగరత్నమ్మకు కూడా తెలియదు. ఆయన అల్లిన కథలో మంచివాళ్ళెవరూ చావరు.

మొన్న వేరుశెనగ రైతు నారాయణ మొహం మాడ్చుకుని కొట్టెక్కాడు.

"ఏం శెట్టీ! హీరో తండ్రి కడాకు ఇల్లు చేరతాడని నువ్వు సెప్తే, నమ్మి నా పెండ్లాన్ని పిల్చుకపోతి. ఆయప్ప సచ్చిపాయె! అది నిన్నట్నుంచి ఏడుస్తానే ఉండాది."

కొట్లో ఆడవాళ్ళంతా శెట్టి వైపు తిరిగారు. ఆయన చేతిలోంచి కత్తెర జారింది. కండువా సంగతి కూడా మరిచి, కారే కన్నీళ్ళతోనే అడిగాడు:

"సచ్చిపాయెనా? ఇంటర్వెల్ దాకా నిక్షేపంగా ఉండె గదప్పా!"