గాజులకు చుట్టిన ఎర్ర గుడ్డ

మా మనవరాలికి అయిదేళ్లు నిండినా నడక రాలేదు. గోడ పట్టుకుని లేచేది. రెండడుగులు వేయగానే చూపు కాళ్ల మీదికి జారేది, కాళ్లు కత్తెరలా ఒకదానికొకటి అడ్డం పడేవి, కూలబడేది. పడ్డప్పుడల్లా నవ్వేది. ఆ నవ్వు చూడలేక మా కోడలు వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకునేది. కాన్పు కష్టమైంది, బిడ్డ పుట్టగానే ఏడవలేదు. సెరిబ్రల్ పాల్సీ అని నల్లగొండ దవాఖానలో చెప్పారు. ఆ మాటకు నా నోరు తిరగడానికే నెల పట్టింది.

వచ్చే జూన్‌లో బిడ్డను బడిలో వేయాలి. "ఎత్తుకొనిపోయి కూసోవెట్టుడు గాదత్తమ్మా. దాని కాళ్ల మీద అది బడి గడప దాటాలె. గదొక్కటి జూస్తే నాకు చాలు" అనేది కోడలు. ఇంటిల్లిపాదికీ అదే దిగులు.

మాది చిట్యాలకు ఆవల ఒక చేనేత ఊరు. కొడుకు గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు. మా ముసలాయన నూలుకు రంగులు అద్దుతాడు. ఆ రంగుల కంటే ముందు నూలును ఆసు మీద పోయాలి, ఆ పని నాది. ఆసు అంటే అర్ధచంద్రంలాంటి చెక్క. వంపు పొడవునా మేకులు, వాటికెదురుగా ఒంటి మేకు. ఒంటి మేకు దగ్గర్నుంచి వంపు మీది ఒక్కో మేకుకూ దారం తీసుకుపోవాలి, మళ్లీ వెనక్కి తేవాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు పోయి రావాలి. మధ్యలో లెక్క తప్పితే చీర మీద పువ్వు చెదిరిపోతుంది.

ఇలాంటి పిల్లల కోసం మండల కేంద్రంలో ఒక గది ఉండేది. వారానికి రెండుసార్లు అక్కడికి ఒక ఫిజియో మేడం వచ్చేది. మక్తల్ దిక్కు పిల్ల, నెమ్మదైన మనిషి. బిడ్డ కాళ్లు చాపించడం, వంచడం అన్నీ అయ్యాక ఒకరోజు ముఖం ముందు బంతి పట్టుకుని కుడికీ ఎడమకీ జరిపింది. బంతితో పాటు బిడ్డ తలంతా తిరిగింది. తలను మెల్లగా పట్టి ఆపితే చూపు ఎటో ఎగిరిపోయింది.

"కాళ్ల కసరత్తు కాళ్లకుంటది పెద్దమ్మా. గని చూపు ఒకకాడ నిలవకుంటే ఒళ్లు గుడ నిలవదు" అంది. "తల కదలొద్దు, కండ్లే తిరగాలె. కుడికి, ఎడమకు, దగ్గరికి, దూరం. మెల్లగ, రోజూ చేయించుండ్రి."

"గిట్ల జేస్తే నడుస్తదా?" అని కోడలు అడిగింది.

"నడుస్తదని నేను రాసియ్యలేను అక్కా. కాళ్ల కసరత్తుతోని గిది గుడ జేద్దాం. పడుడు తగ్గుతదేమో జూద్దాం."

బస్సులో తిరిగొస్తుంటే మా ముసలాయనకు ఉపాయం తట్టింది. "కుడికి ఎడమకు ఉరికేది మనింట్ల లేదా? నాడె ఉన్నది గదనే."

నాడె అంటే మగ్గంలో దారం మోసుకుని అటూ ఇటూ పరుగులు తీసేది. మగ్గం ఉన్న ఇంట్లో బంతి కోసం వెతుక్కుంటామా? మర్నాటి నుంచి బిడ్డను మగ్గం పక్కనే పీట మీద కూర్చోబెట్టాం. టక్కు టక్కుమని నాడె పోతుంటే బిడ్డ ముఖం అటూ ఇటూ తిరిగేది. మేము మురిసిపోయాం. ముసలాయన అయితే వాడకట్టంతా చెప్పుకొచ్చాడు, మా బిడ్డ కండ్లు నాడెతోని ఉరుకుతున్నయని.

నెల తర్వాత మేడం ఇంటికి వచ్చింది. గర్వంగా చూపించాం. ఆమె కాసేపు చూసి మా కొడుకుతో అంది, "అన్నా, జర మగ్గం ఆపు. ఇప్పుడు నాడెను చేత్తోని, చప్పుడు గాకుండ జరుపు."

వాడు జరిపాడు. నాడె ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. బిడ్డ ఇంటి కప్పు వైపు చూస్తూ కూర్చుంది. మళ్లీ జరిపాడు. అంతే. నెలరోజులూ అది నాడెను చూడనే లేదు. టక్కు ఎటు వినబడితే అటు తల తిప్పింది.

"అంటే గిన్ని దినాలు చెవులకు కసరత్తు జేయించినమా?" అని ముసలాయన గోడకు చేరగిలబడ్డాడు.

"మీ తప్పేం లేదు బాపూ. మగ్గం ఇంట్ల ఎవ్వరికన్న గదే మతికొస్తది" అంది మేడం.

కోడలు చాయ్ తెచ్చింది. నేను పని వదిలి కూర్చోలేక ఆసు ముందు చేరాను. చాయ్ తాగుతూ మేడం నా చేతినే చూస్తోంది.

"పెద్దమ్మా, నీ చెయ్యి మెల్లగ పోతాంది, మెల్లగ వస్తాంది. గా కొస నుంచి గీ కొస దాకా. నాకు కావాల్సింది గిదే."

బిడ్డను నాకెదురుగా కూర్చోబెట్టి చూసింది. రెండు చిక్కులు వచ్చాయి. తెల్ల దారం, వెనక తెల్ల సున్నం గోడ, బిడ్డ చూపుకు ఏదీ ఆనలేదు. పైగా నా చేతికి డజను మట్టి గాజులు. చెయ్యి కదిలితే అవి గలగలమంటాయి, మళ్లీ చెవుల పనే.

"గా గాజులు తీసి పక్కకు వెట్టు పెద్దమ్మా" అంది మేడం మామూలుగా.

మా ముసలాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేనింకా బువ్వ తింటున్న గద మేడం."

మేడం నాలుక కరుచుకుంది. ముందుగా నవ్వింది మా కోడలు. చాలా రోజులకు మా ఇంట్లో దాని నవ్వు విన్నాం.

"బిడ్డకోసం తీస్తే ఏమైతది?" అన్నాను నేను.

"నువ్వు తీస్తవు, నాకెరుక లేదా? నేను ఎదురుంగ కూసున్న, జర నా మొఖం సూడు" అంటూనే లేచి రంగుల కొట్టంలోకి వెళ్లాడు. రంగు నాణ్యం చూసుకోవడానికి అద్దిన ఎర్ర గుడ్డ పీలిక తెచ్చాడు. నా గాజులన్నిటినీ ఒక్కటి చేసి, పసిపిల్ల చేతికి కట్టు కట్టినట్టు ఆ పీలిక చుట్టాడు. "ఇగ మోగవు. ఎర్రగ కనవడతయి గుడ."

అలా మొదలైంది. బిడ్డ గోడకు ఆనుకుని కూర్చునేది. కోడలు పక్క నుంచి రెండు అరచేతులూ దాని చెంపలకు తాకీ తాకనట్టు పెట్టేది. ఎర్ర గుడ్డతో నా చెయ్యి పోతుంటే బిడ్డ కళ్లు ముక్కు ఎదుటి దాకా వచ్చి, అక్కడ తప్పిపోయి, ఎగిరి అవతల పడేవి. నేను ఇంకా మెల్లగా పోనిచ్చేదాన్ని. రెండు రోజుల ఆసు నాలుగు రోజులకు సాగేది. చీర ఆలస్యమైందని మా కొడుకు ఒక్కసారీ అనలేదు. నడుము ఎత్తులో రెండు వెదురు బొంగులు కట్టి బిడ్డకు దారి చేశాడు. బొంగులు పట్టుకుని నిలబడితే, "కాళ్ల దిక్కు సూడకు బిడ్డా, నా చేతి దిక్కు సూడు" అనేదాన్ని. కాళ్ల కసరత్తు పొద్దున, మాపున సాగుతూనే ఉంది.

వానలు పోయి చలి వచ్చింది. ఒకరోజు పొద్దెక్కాక ఆసు పోస్తున్నాను. నోట్లో లెక్క నడుస్తోంది, తల ఎత్తే వీలు లేదు. బొంగుల మధ్య బిడ్డ, దాని వెనక కోడలు. ఉన్నట్టుండి కోడలు గుసగుసగా అంది, "అత్తమ్మా, చెయ్యి ఆపకు."

ఆపలేదు. గచ్చు మీద పాదం ఈడ్చిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ ఇంకొకటి. బొంగులు అయిపోయాక నా దాకా పట్టుకోవడానికి ఏమీ ఉండదని నాకు తెలుసు. చెయ్యి మాత్రం పోతోంది, వస్తోంది. ఒక చిన్న చెయ్యి వచ్చి ఒంటి బరువంతా వేసి నా మణికట్టు మీద పడింది. గుడ్డలోపల గాజులు చిట్లాయి.

"దొరికినయి" అంది బిడ్డ నా భుజం మీద ముఖం పెట్టి.

అయిదడుగులని కోడలు అంటుంది. కొట్టం గుమ్మంలోంచి చూసిన ముసలాయన ఆరంటాడు. ఆ తగువు ఇప్పటికీ తెగలేదు. గుడ్డ విప్పితే రెండు గాజులు ముక్కలై ఉన్నాయి. ఎవరికీ గీరుకోలేదు. అయినా ముత్తయిదువ గాజులు కదా, భయంగా ఆయన ముఖం చూశాను.

"ఏం సూస్తవు? గుండు లెక్క గట్టిగున్న" అన్నాడు. "లెక్క తప్పినవా?"

"తప్పిన."

"తప్పితే తప్పినవు, మల్ల ఆసు పొయ్యి. కొత్త గాజులు బిడ్డ బడికి పోయిననాడు ఏపిస్త."

జూన్‌లో బిడ్డ బడికి వెళ్లింది. చేతుల కింద వాకరు, ఎడమ పాదం ఇప్పటికీ లోపలికే తిరుగుతుంది, అలసిపోతే చూపు జారుతుంది. నా కసరత్తుతోనే నడిచిందని అంటే మేడం ఒప్పుకోదు, అన్నీ కలిసి పనిచేశాయంటుంది. ఏమైనా, గడప దగ్గర వాకరు ఆగింది. కోడలు చేతులు చాచి వెనకే నిలబడింది, ముట్టుకోలేదు. బిడ్డ గడపను ఒకసారి చూసి, వాకరును అవతలికి పెట్టి, తల ఎత్తి లోపలి నల్లబల్లను చూసుకుంటూ దాటింది.

ఆ మధ్యాహ్నమే ముసలాయన గాజులమ్మే సాయిబులామెను ఇంటికి పిలుచుకొచ్చాడు. ఆమె నా చేతికి డజను ఎర్ర గాజులు ఎక్కించింది. బడి నుంచి వచ్చిన బిడ్డ నా పక్కన కూర్చుని అన్నిటినీ వేలితో మోగించి చూసింది. దాని మాట నింపాదిగా వస్తుంది, కాసుకుని ఉన్నాం.

"వీటికి గుడ్డ కట్టకు అవ్వా" అంది. "మోగనియ్యి. మోగినా సూస్త."