మా అత్త కషాయం

మా అత్త దగ్గర ప్రతి రోగానికీ ఒకటే మందు, నేలవేము కషాయం. పొద్దున్నే కాచి, లోటా పట్టుకుని ఎదురుగా నిలబడేది. మనం తాగేదాకా కదిలేది కాదు. దగ్గులూ అజీర్తులూ దాంతోనే తగ్గేవి, కాదనను.

మా ఊరు కల్మల పొలాలకు కాలువ నీళ్ళొచ్చాక దోమలు పెరిగాయి, వెంటే చలిజ్వరం వచ్చింది. మా ఆయన మంచం పడితే బండి కట్టించి రాయచూరు దవాఖానకు పంపింది అత్త. అక్కడిచ్చిన గోలీలు మింగి ఆయన లేచి తిరిగాడు. తర్వాత మా తోటికోడలికి జ్వరం తగిలింది.

"అత్తా, ఆమెకు గూడ గోలీలు తెప్పిద్దాం" అన్నాను.

"గోలీలు వేడి చేస్తయి. ఆడోళ్ళకు కషాయం చాలు" అంది.

తోటికోడలి తల ఒళ్ళో పెట్టుకుని, నిద్ర మానుకుని చెంచాతో తాగించింది. అమావాస్య లోపే ఆ పిల్ల పోయింది.

మరుసటి వానాకాలం అత్తకే జ్వరమొచ్చింది. మా ఆయన గోలీలు తెస్తే పక్కకు నెట్టింది.

"నాకెందుకురా ఇవి? దాసిపెట్టు, నీకు పనికొస్తయి."

కషాయమే అడిగి, మొహం చిట్లించకుండా తాగుతూనే ప్రాణం విడిచింది. తోటికోడలి కోసం ఆమెను జీవితాంతం తిట్టుకోవాలనుకున్నాను. అదీ నాకు మిగల్చలేదు.

నా కూతురి ఒళ్ళు మొదటిసారి జ్వరంతో కాలినప్పుడు, ఇంట్లో ఎవరినీ అడగకుండా రాయచూరు బస్సెక్కాను.