మూతపడ్డ రెండో అంతస్తు

ఆ మధ్యాహ్నం మా మాల్‌లో ఉన్నవి: కింది అంతస్తులో తెరిచి ఉన్న దుకాణాలు మూడు, ఆగిపోయిన ఎస్కలేటర్లు రెండు, ఒక జనరేటరు. ఉన్నవాళ్లు: వాచ్‌మన్, బట్టలు సరిచేసి కుట్టే ముసలి దర్జీ, మైకు దగ్గర కూర్చునే అమ్మాయి, పదిమంది దాకా కొనేవాళ్లు, నేను. ఎలక్ట్రికల్ డిప్లొమా అయిన ఏడాదికి అక్కడ మెయింటెనెన్స్‌లో చేరాను.

తిరుపతి నుంచి రేణిగుంట పోయే రోడ్డు పక్కన, ఇళ్లు పలచబడేచోట కట్టారు దాన్ని. తెరిచిన కొత్తలో జనం చెప్పులు విప్పి ఎస్కలేటరు ఎక్కేవారని వాచ్‌మన్ చెప్పేవాడు. సాయంత్రానికి దాని కింద చెప్పుల గుట్ట మిగిలేదట. తర్వాత ఊళ్లో పెద్ద బట్టల కొట్లు వచ్చాయి. ఇక్కడ మొదట మూడో అంతస్తులో సామాన్ల విభాగం మూశారు. తర్వాత రెండో అంతస్తులో చీరలు, చివరికి పిల్లల బట్టలు. సరుకు తీసుకుపోయారు గానీ బొమ్మలను వదిలేశారు. అమ్ముడుపోని గౌన్లు ఒంటిమీద ఉండగానే, జుట్టు లేని నున్నటి తలలతో, అవి అద్దం గోడ వెనక నిలబడీ కూర్చునీ ఉండేవి. ఏసీ ఆపేసినా ఆ హాలు చల్లగా ఉండేది. కారణం వెతికాను. దొరకలేదు.

మూడు గంటలప్పుడు కరెంటు పోయింది. జనరేటరు కింది అంతస్తుకే సరిపోతుంది. కిటికీలు లేని భవనం కాబట్టి, బయట ఎండ కాస్తున్నా పైన చీకటే. అప్పుడే ఒకామె వాచ్‌మన్ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“అన్నా, మా పాప కనపడలేదు. ఇప్పుడే ఈడ నా పక్కనే ఉన్నింది!”

“ఏడవాకు మా. ఆనవాలు చెప్పు.”

“ఆరేండ్లు. పచ్చ గౌను. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు.”

మైకులో అదే చెప్పారు. పై అంతస్తుల స్పీకర్లు మాత్రం మూసినప్పుడే నేను తీసేశాను. గుండుకు రాసుకున్న గంధం ఇంకా చెరగని పాప తండ్రి, పేరు పెట్టి అరుస్తూ రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఆ రోడ్డు మీద లారీలు ఆగవు.

నేను టార్చి తీసుకుని పైకి వెళ్లాను. జడల కోసం వెతికాను. అద్దం గోడ వెంట వెలుగు పోతుంటే ప్రతి బొమ్మ నీడా కదిలింది. ఎవరో ముక్కు ఎగబీల్చినట్టు వినిపించింది. వెనక్కి తిరిగి వెలుగు వేశాను. నున్నటి తలలు, గౌన్లు. జడలున్న పాప లేదు. దిగాను, మళ్లీ ఎక్కాను. అలా నాలుగుసార్లు ఎక్కి దిగాను.

“ఏమప్పా డిప్లొమా, బొమ్మలు పలకరించినాయా?” అన్నాడు వాచ్‌మన్. ఆమె వైపు చూసి, అనకూడనిది అన్నానని తల దించుకున్నాడు.

దర్జీ కుట్టు ఆపి వచ్చాడు. “అమ్మా, మీ ఆయనకు గుండుండాది. కొండకు పోయొచ్చినారు కదా. పాపకు జడలు ఇంకా ఉండాయా?”

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యో దేవుడా! పొద్దన్నే మొక్కుబడి తీర్చినాము. దానికీ గుండే. దినామూ నేనే జడలేసేది, నోటికి అదే వచ్చేసినాది!”

వాచ్‌మన్ తండ్రిని పిలవడానికి రోడ్డు వైపు పోయాడు. మేం ముగ్గురం పైకి పరుగెత్తాం. అద్దం తలుపు బెత్తెడు తెరుచుకుని ఉంది. దాన్ని తోసి టార్చి వేశాను. కూర్చున్న బొమ్మల వరుసలో ఒకదాని తల మిగతావాటికంటే కాస్త పసుపుగా ఉంది. అది కళ్లార్పింది.

తల్లి పాపను ఒళ్లోకి లాక్కుని వీపు మీద ఒకటి వేసి, వెంటనే ముద్దు పెట్టుకుంది. “ఈడెందుకు కూసున్నావే?”

“కింద పిల్లోళ్లు గుండూ గుండూ అని నగినారు మా. వీళ్లు నగలేదు.”

నేను వంగి అడిగాను. “నేనొచ్చినప్పుడు పిలవకపోతివే పాపా?”

“నువ్వు సూసినావు గదన్నా. లైటు నా మొగం మీదనే యేసినావు. సూసి, పోయినావు.”

“ఎన్నితూర్లు?”

పాప వేళ్లు చూపింది. నాలుగు.