ముందు ఎవరిది

మా పెద్దమ్మ కంప్యూటర్లు బాగుచేస్తుంది. ఏది వచ్చినా ముందు ప్రాసెసర్ చూసి, ఆ తర్వాతే పాతకాలపు 32 బిట్ సిస్టమ్ ఎక్కించాలో కొత్త 64 బిట్ ఎక్కించాలో తేలుస్తుంది. గంతకు తగ్గ బొంత ఉండాలంటుంది. పాత మెషీన్ తెచ్చి కొత్త సిస్టమే కావాలని మొండికేసేవాళ్లకు చీవాట్లు ఖాయం. నాకూ పడ్డాయి.

పెదనాన్నకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే కదులుతుంది. దాని కింద ఒక మీట ఉంటుంది. తెర మీద అక్షరాలు వరసగా వెలుగుతుంటే, కావలసినచోట ఆయన మీట నొక్కుతారు. కంప్యూటర్ ఆ మాటను పైకి చదువుతుంది. ఇప్పుడు ఆయన గొంతు అదే. ఆ మీట చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అది 32 బిట్‌లో తప్ప పనిచేయదు.

మొన్న ఆయన పాత కంప్యూటర్ కాలిపోయింది. పెద్దమ్మ షాపులో ఉన్నవన్నీ బాగుచేయమని జనం ఇచ్చినవే. ఇంట్లో మిగిలింది వాళ్లమ్మాయిది, అంటే మా అక్కది. అక్క ఇంట్లోనే కూర్చుని భవనాల ప్లాన్లు గీస్తుంది. ఆ ప్రోగ్రామ్‌కు 64 బిట్ లేనిదే కుదరదు. ప్రాసెసర్ రెండింటికీ పనికొచ్చేదే, కానీ ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. సిస్టమ్‌లు రెండూ పక్కపక్కన పెట్టినా ఒకసారికి ఒక్కటే నడుస్తుంది. అక్క గీస్తున్నంతసేపూ ఆయన మూగవాడే. ఇంకోటి కొనేదాకా వంతులు తప్పవు.

పెద్దమ్మ రెండూ ఎక్కించింది. ఇక ఒకటే తేలాలి. కంప్యూటర్ ఆన్ కాగానే ఏ సిస్టమ్ కావాలని అడుగుతుంది. ఎవరూ ఏమీ నొక్కకపోతే ముందున్నది దానంతటదే మొదలవుతుంది. అప్పటికింకా మీట పనిచేయదు. ఆయన ఒక్కరే ఉన్నప్పుడు కరెంటు పోయి వస్తే, ముందున్నదానిదే రాజ్యం.

నాన్నదే ముందుంచమంది అక్క. పెద్దమ్మ ఆయన్ని అడిగింది. అక్షరాలు మెల్లగా వెలిగాయి.

"అమ్మాయిది ముందుంచు. దాని పని ఆగకూడదు."

"మరి మీకేదైనా కావాలంటే?"

చాలాసేపటికి కంప్యూటర్ చదివింది. "ఇన్నేళ్ల కాపురం. చెప్పకపోయినా నీకు తెలుస్తుంది."

ఆ మాటకు పెద్దమ్మ కరిగిపోతుందనుకున్నాను. కరగలేదు.

"తెలియదండీ," అంది. "మొన్న అది కాలిపోయి మీరు మాట్లాడలేనప్పుడు, మీకు ఎక్కడ నొప్పిగా ఉందో నాకు తెలియలేదు."

ఆయనదే ముందుంచింది.