పైపులో ఇసుక

నా వెల్డింగు షాపులో ఎవరు పైపు తట్టి చూసినా ఇప్పటికీ చేతిలో పని ఆపేసి అటే చూస్తాను. ఎందుకో మా ఇంటిదానికి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మా దమ్మపేటకు సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిల్ చేయించుకోవడానికి ముత్తమ్మ వచ్చింది. పోలియోతో కాళ్లు చచ్చుబడ్డ మనిషి. అడవిలోని తన ఊరి నుంచి చింతపండు, విప్పపువ్వు సంతకు తెచ్చి అమ్ముకుని బతికేది. ఎవరినీ ఊరికే నమ్మేది కాదు. నేను చూపించిన మంచి పైపును రాయితో తట్టింది, ఎత్తి చూసింది, ఇంత తేలికది మా దారికి ఆగదు, బరువుది వెయ్యమంది. తేలికైనా గట్టిదేనని ఎంత చెప్పినా దొంగను చూసినట్టు చూసింది. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి. ఒళ్లు మండింది.

బరువే కదా కావాలి అనుకున్నాను. కుర్చీలకు వాడే పలచని పైపులో వాగు ఇసుక కూరి, చివర్లు వెల్డింగుతో మూసి, రంగేశాను. ఆ ఇసుక సరిగా ఆరను కూడా లేదు. పోనీ, మంచి పైపులోనే ఎందుకు పోయలేదు? కాదన్న పైపు ఆమెకెందుకన్న పంతమని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. పలచనిదైతే నాలుగు రూపాయలు మిగులుతాయని కూడా చూసుకున్నానేమో. ముత్తమ్మ మళ్లీ తట్టింది, ఎత్తి చూసింది. మొదటిసారి నవ్వింది.

మరుసటి వానాకాలానికి లోపల తుప్పు పట్టి, వాగు దిగే చోట ఫ్రేము విరిగింది. ఆమె కుడిచెయ్యి కూడా విరిగింది. బండి తిప్పే చెయ్యి. నెలల తరబడి సంతకు రాలేదు. కట్టు విప్పాక, వాళ్ల అన్నతో బండిని మోయించుకుని నా దగ్గరికే వచ్చింది.

“లోపల ఇసుకెట్లొచ్చిందన్నా?”

“వాగు దాటేటప్పుడు చేరి ఉంటది.”

మూసి ఉన్న చివర్లను చూసింది. తర్వాత నన్ను చూసింది.

“అవ్. గట్లనే అయ్యుంటది.”

నమ్మిందా? లేక తెలిసీ ఊరుకుందా? ఈసారి ఆ మంచి పైపుతోనే చేశాను, డబ్బులు వద్దన్నాను. వద్దన్నందుకే ఆమెకు అంతా అర్థమైపోయిందేమో. కుండ కొన్నా నాలుగుసార్లు తట్టి చూసే మనిషి, ఆ రోజు బండిని తట్టకుండానే ఎక్కి వెళ్లిపోయింది.

ఇసుక వాగుదే ముత్తమ్మా. పోసింది మాత్రం వాగు కాదు. నేను.