చిన్నమామా, నేనూ, మాస్కూ

చిన్నమామ పోయారన్న కబురు నాకు బడిలో, లెక్కల పీరియడ్ మధ్యలో అందింది. మా ఆయన ఆ వేళప్పుడు ఫోన్ చేయరు. చేశారంటే ఏదో జరిగిందనే. "చిన్నాయన పోయినాడు. పొద్దున గుంట కాడ మేత చల్లతా చల్లతా కూలబడినాడంట. నువ్వు అట్నుంచి అట్టే వచ్చెయ్" అన్నారు. పిల్లల్ని పక్క టీచరుకి అప్పగించి బయటికొచ్చాను. స్కూటర్ తాళం చేతిలోకి తీసుకున్నాక గానీ ఏడుపు రాలేదు. ఆ తాళం నా చేతికి తిరిగి రావడానికి చిన్నమామే కారణం.

చిన్నమామ అంటే మా మామగారి తమ్ముడు. ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే, ఉప్పుగాలి తగిలే చోట ఆయన ఇల్లు, ఇంటి వెనకే రొయ్యల గుంటలు. నేను వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. ఆడవాళ్ళ మధ్యలో కూర్చున్న ఒక పెద్దావిడ, "ముక్కుకి ఆ గొట్టం తగిలించుకునే మనిషికి ఊపిరి కట్టేసుకుపోయింది" అంటోంది. నాకు ఒళ్ళు మండింది. "మేత చల్లేటప్పుడు గొట్టం ఎవురు తగిలించుకుంటారు పెద్దమ్మా? గుండె ఆగిందని డాక్టరే చెప్పినాడు కదా!" అన్నాను. చావింట్లో గొంతు లేపకూడదని తెలుసు, అయినా లేచింది. అలాంటి గొట్టమే నాకూ ఒకటుందని అక్కడున్న వాళ్ళెవరికీ తెలియదు. తెలియనివ్వలేదు నేను.

నాకు గురక. ఆడమనిషి గురక పెడుతుందంటే మనవాళ్ళకి ఎంత నవ్వులాటో చెప్పనక్కర్లేదు. పెళ్ళిళ్ళకి వెళ్తే రాత్రి ఉండకుండా ఏదో ఒక వంక చెప్పి వచ్చేసేదాన్ని. గురక ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేదాన్నే. పొద్దున లేస్తే తలనొప్పి. బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూ కళ్ళు మూతలు పడేవి, వెనక పిల్లలు కిసుక్కుమనేవాళ్ళు. ఒకరోజు బడి నుంచి వస్తూ స్కూటర్ మీదే కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి బండి కాలవ గట్టు మీద తుమ్మకంపలో ఉంది, దాని పక్కన నేనున్నాను. చేతులు గీసుకుపోయాయి, అంతే. ఇంకాస్త పక్కకి పోయుంటే కాలవే. నెల్లూరులో డాక్టరు ఒంటినిండా వైర్లు తగిలించి నిద్రపరీక్ష చేశారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వస్తోందని, దీన్ని స్లీప్ యాప్నియా అంటారని చెప్పి, గాలి ఊదే మిషన్ ఒకటి రాసిచ్చారు.

మా ఆయన స్కూటర్ తాళం తీసి బీరువాలో పెట్టేశారు. "మాస్కు పెట్టుకొని నిద్దరపో, అప్పుడిస్తా" అన్నారు. ఆయన భయం ఆయనది. కానీ మా బడి వైపు పోయే బస్సు ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండదు. మాస్కు పెట్టుకోలేకపోతే ఉద్యోగమే మానుకోవాల్సి వచ్చేట్టుంది.

మాస్కు అంటే ముక్కు మీద రబ్బరు మూతలాంటిది, తల చుట్టూ బెల్టులు, దానికో గొట్టం. పెట్టుకోగానే పరిగెత్తే బస్సు కిటికీలోంచి మొహం బయటపెట్టినట్టు ఒకటే గాలి. ఊపిరి వదలబోతే ఎదురొచ్చేది. గుండె దడదడ, అరచేతుల్లో చెమట. పీకి పారేశాను. మర్నాడూ అంతే. గాలి పక్కల నుంచి పోతోందని బెల్టులు ఇంకా బిగించాను, ముక్కు మీద ఎర్రటి గాడి పడింది. ఆ గాడికి కొబ్బరినూనె రాసుకుంటే మాస్కు జారి కంటి మీదికొచ్చింది. ఇక నా వల్ల కాదు తల్లీ అని మిషన్ని అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించాను.

ఆ మధ్యనే ఒక ఆదివారం చిన్నమామ ఇంటికి వెళ్ళాం. ఆయనకీ ఇదే జబ్బని విన్నాను గానీ కళ్ళారా చూడలేదు. మిట్టమధ్యాహ్నం, వరండాలో వాలుకుర్చీలో కూర్చుని టీవీలో వంటల కార్యక్రమం చూస్తున్నారు. ముక్కుకి మాస్కు, పక్కన స్టూలు మీద మిషను. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆయన మాస్కు తీసి, "రామ్మే. కొత్త మాస్కు ఇచ్చినారు, మొహానికి అలవాటు చేస్తా ఉండా. కొత్త చెప్పులు ముందు ఇంట్లో తొడుక్కొని తిరగమా, అట్టా" అన్నారు.

మా ఆయన ఊరుకోకుండా, "ఈమెకీ ఇచ్చినారు చిన్నాయనా, అటకెక్కించింది" అనేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. చిన్నమామ మందలిస్తారనుకున్నాను. ఆయన మాత్రం టీవీ కట్టేసి, కుర్చీ ముందుకి జరుపుకున్నారు. కొత్త వస్తువేదైనా కనబడితే ఆయన మొహం వెలిగేది, అలా వెలిగింది.

"నీకు భయం ఎప్పుడు మొదలవతాది?"

"పెట్టుకుంటే మొదలవుతుంది మామా."

"అట్టా కాదు. చేతిలో పట్టుకున్నప్పుడా? ముక్కుకి ఆనించినప్పుడా? బెల్టు వేసినప్పుడా? గాలి వచ్చినప్పుడా?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

"చూసుకోకుండానే భయపడినావా!" ఆయన నోరు తెరిచి నవ్వారు. "ముందు చూద్దాం మే. ఆనక తీరిగ్గా భయపడదాం."

ఆయన జీవితమంతా ఆ మాట మీదే నడిచిందేమో అనిపిస్తుంది నాకు. గుంటలో రొయ్య ఒకటి చచ్చి తేలితే మిగతా రైతులు నెత్తిన చేతులు పెట్టుకునేవాళ్ళు. ఈయన దాన్ని అరచేతిలో వేసుకుని, తోక చూసి, పేగు చూసి, ఎండకెత్తి చూసేవారు. పాము వస్తే కర్ర కోసం పరిగెత్తే ముందు అది ఏ జాతో అడిగేవారు. ఆయన భార్య, మా చిన్నత్త, తల బాదుకునేది.

తరువాతి వారం నా మిషను అటక దిగి చిన్నమామ ఇంటికి చేరింది. వరండాలో, పగటి వెలుగులో పరీక్ష మొదలుపెట్టారు. మాస్కు చేతిలో పట్టుకున్నాను, ఏమీ లేదు. ముక్కుకి ఆనించాను, ఏమీ లేదు. మిషన్ వేశారు. గాలి మెత్తగా మొదలై నిదానంగా పెరిగేలా అందులో ఒక ఏర్పాటుంది, అంతకుముందు నేను దాని జోలికే పోలేదు. చేత్తో పట్టుకున్నంతసేపూ గాలి వచ్చినా బాగానే ఉంది. బెల్టు క్లిప్పు టిక్కుమని పడగానే గుండె ఎగిరింది.

"అదిగో! దొరికింది!" అని ఆయన తొడ చరుచుకున్నారు. "గాలి కాదు మే నిన్ను భయపెట్టేది. బెల్టు పడినాక తీసుకోలేనేమో అని నీ అనుమానం. ఇట్టా చూడు." గొట్టం మాస్కుకి కలిసే చోట చేత్తో పట్టి లాగారు, ఊడి వచ్చేసింది. "బెల్టుతో పనే లేదు. నీ చేతిలోనే ఉండాది తాళం." మళ్ళీ మళ్ళీ నా చేత లాగించారు. కళ్ళు మూసుకుని లాగమన్నారు, పడుకుని లాగమన్నారు. నాకే విసుగొచ్చి, "చాలు మామా, వచ్చింది" అనేదాకా వదల్లేదు.

మాస్కు ముందు భాగంలో సన్నని రంధ్రాలుంటాయి. లీకేమోనని నేను వాటికి ప్లాస్టరు వేద్దామనుకున్న సంగతి చెప్పాను. ఆయన కంగారుగా నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించారు. వెచ్చగా తగిలింది. "నువ్వు వదిలిన ఊపిరి మే అది. ఇట్టా బయటికి పోతా ఉంటాది. మూసినావో, వదిలిందే మళ్ళా పీల్చాల. దీన్ని ముట్టుకోబాకు." నా ఊపిరి నా చేతికి తగలడం అదే మొదటిసారి. నా భయంలో సగం అక్కడే పోయింది.

బెల్టులు కూర్చుని బిగించకూడదని, పడుకుంటే మొహం మారుతుందని, పడుకుని, గాలి వేసుకుని, వదులుగా సరిచేసుకోవాలని చెప్పారు. మొహానికి నూనె వద్దన్నారు. జడ సంగతి మాత్రం చిన్నత్త కనిపెట్టింది. నా కొప్పు మీద వెనక బెల్టు కూర్చుని మాస్కుని పైకి లాగేస్తోంది. "మగోళ్ళకేం తెలస్తాది లే" అని తనే నా జుట్టు విప్పి పక్కజడ వేసింది. ఆ తర్వాత ఒక చాటెడు చిక్కుడుకాయలు నా ఒళ్ళో పెట్టింది. మాస్కుతోనే కూర్చుని ఈనెలు తీశాను. కాయలు అయిపోయేసరికి మొహాన మాస్కుందన్న ధ్యాసే లేదు.

"ఇవన్నీ మీకెలా తెలుసు మామా?" అని అడిగాను.

"నాకేం తెలుసు! మిషన్ ఇచ్చిన పిల్లోడే చెప్పినాడు. నేను వాణ్ణి వదలకుండా అడిగినా. నువ్వు అడగలా, అంతే తేడా."

అప్పుడు చిన్నత్త నవ్వుతూ ఆయన గుట్టు బయటపెట్టింది. ఈయనా మొదట్లో మాస్కుకి భయపడిన మనిషే. అయితే ఊపిరాడదని కాదు. రొయ్యల రైతులు నిద్రపోయినా చెవులు గుంట మీదే ఉంటాయి. నీళ్ళని చిలికి గాలి కలిపే చక్రాలు, ఏరియేటర్లు, తెల్లవార్లూ తిరగాలి. అవి ఆగితే తెల్లారేసరికి పంటంతా తేలిపోతుంది. అందుకని వాళ్ళు ఆ మోతలో హాయిగా నిద్రపోతారు, మోత ఆగితే లేచి పరిగెత్తుతారు. చిన్నమామ మొదటిసారి మాస్కు పెట్టుకుని పడుకున్నప్పుడు, నిద్రలో మాస్కు పక్కకి జారి మిషన్ దానంతటదే ఆగిపోయింది. చెవి దగ్గర మోత ఆగింది కదా! ఏరియేటర్లు ఆగాయనుకుని గొట్టం మెడలో వేలాడుతుండగా గట్టు మీదికి పరుగు. అక్కడ అన్నీ శుభ్రంగా తిరుగుతున్నాయి. కాపలా మనిషి ఈయన వాలకం చూసి కేక పెట్టాడంట.

"ఆ రోజు నుంచి పెట్టుకోనంటే పెట్టుకోనన్నాడు. ఈ శబ్దంలో గుంట శబ్దం నాకు వినపడదు, నాకొద్దు అని. నేనన్నా, నేను వింటా లే, మీరు పడుకోండి అని" అంది చిన్నత్త. "రెండూ నేనే వింటా ఉంటా. ఆడ అదీ ఆడాల, ఈడ ఇదీ ఆడాల. రెంట్లో ఏది ఆగినా నాకు మెలకువ వచ్చేస్తాది."

ఆమె అది వేళాకోళంగానే చెప్పింది. మేమూ నవ్వుకున్నాం.

ఆ తర్వాత ఒక ఉదయం కళ్ళు తెరిస్తే గోడ మీద ఎండ ఉంది, మొహాన మాస్కుంది. తలనొప్పి లేదు. మా ఆయన బీరువా తెరిచి తాళం తెచ్చి దిండు పక్కన పెట్టారు. నేను ముందు చిన్నమామకి ఫోన్ చేశాను. ఆయన శభాష్ అనలేదు. "కల వచ్చిందా?" అని అడిగారు. "నిద్దర సరిగ్గా పడితే కలలు తిరిగొస్తాయంట, నాకు వచ్చినాయి. నీకేమొచ్చిందో చెప్పు." నా బోర్డు మీద రొయ్యలు పాకుతున్నాయని, పిల్లలు వాటితో కూడికలు తీసివేతలు చేస్తున్నారని చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, "ఎన్ని మిగిలినాయి మే?" అన్నారు. అది మొదలు ఎప్పుడు కలిసినా ముందు నా కలలే అడిగేవారు.

నేను మాత్రం మిషన్ని చుట్టాల కంట పడనివ్వలేదు. ఎవరైనా వస్తే మంచం కిందికి తోసేసేదాన్ని. "కళ్ళద్దాలు దాస్తామా మే?" అని ఒక్కసారి అన్నారాయన. నేను మాట మార్చేశాను. ఆయనా మళ్ళీ ఎత్తలేదు.

పెద్దకర్మ అయిన రోజు మబ్బు పట్టింది. మబ్బు పడితే నీళ్ళలో గాలి తగ్గుతుంది, పగలు కూడా ఏరియేటర్లు తిప్పాలి. చుట్టాలు భోజనాలు చేసి హాల్లో చాపల మీద నడుము వాల్చారు. గూడూరు నుంచి వచ్చిన చిన్నమామ కూతురు నన్ను పక్కకి పిలిచింది. "అమ్మ నిద్దర పోవడంలా వదినా. ఇట్టా కన్ను మూస్తాది, అంతలోకే ఉలిక్కిపడి లేస్తాది. మాత్రలొద్దంటాది. నాకు తోచక నాయన మిషన్ తెచ్చి పక్కన వేసినా. వెంటనే ఆపేయమనింది. ఊరికే ఊదతా ఉండాదే, అందులో మనిషి లేడే, అని ఒకటే ఏడుపు."

నాకు చిక్కుడుకాయల నాటి మాట గుర్తొచ్చింది. రెంట్లో ఏది ఆగినా మెలకువ వచ్చేస్తుందన్న మాట.

రాత్రికి ఉండాల్సొస్తే చాటుగా పెట్టుకుందామని తెచ్చుకున్న నా మిషను స్కూటర్ డిక్కీలో, చీర మడతల కింద ఉంది. వెళ్ళి తెచ్చాను. హాలు మధ్యలో చిన్నత్త పక్కనే చాప వేసుకున్నాను. కొప్పు విప్పి పక్కజడ వేసుకున్నాను. ఆ గొట్టం మాట అన్న పెద్దావిడ మోచేతి మీద లేచి చూస్తోంది. ఆవిడ వెనక ఇంకా రెండు మూడు తలలు లేచాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, అబద్ధమెందుకు చెప్పాలి. "నాకూ ఉండాది పెద్దమ్మా, ఇదే జబ్బు" అన్నాను. మాస్కు పెట్టుకున్నాను. క్లిప్పు టిక్కుమంది. పడుకుని, గాలి వేసుకుని, బెల్టు కాస్త వదులు చేశాను.

చిన్నత్త నా వైపు తిరిగింది. నా ముక్కు దగ్గరికి చెయ్యి చాపి, మాస్కు మీది సన్నని రంధ్రాల ముందు అరచెయ్యి పెట్టి చూసుకుంది. నా ఊపిరి ఆమె చేతికి తగులుతూనే ఉంది. కిటికీ అవతల గుంటలో నీళ్ళు చిలుకుతున్న మోత వినిపిస్తోంది.

"రెండూ ఆడతా ఉండాయి లే" అంది, ఎవరితోనో చెప్పినట్టు.

చెయ్యి అక్కడే ఉంచి కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆ చెయ్యి బరువెక్కి నా చెంప మీదికి జారింది. నేను కదల్లేదు.